అణైకట్ గంపకిచ్చిన అడ్వాన్సు

ఆమధ్య వేలూరులో వాన పట్టు విడవని ఒక మధ్యాహ్నం మా కోడలు తన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. ప్రతి శనివారం ఒక పెట్టె నిండా కూరగాయలు, పళ్ళు నేరుగా తోటల నుంచి మన గడపలోకి వస్తాయట, బజారుకు పోయే ఆటో ఖర్చు, పోయినప్పుడల్లా అక్కరలేనివి కొనుక్కొచ్చే ఖర్చు రెండూ మిగులుతాయట, అయితే నెల డబ్బు మొత్తం ముందే కట్టెయ్యాలట. "ఏమంటావత్తా, కట్టేద్దామా?" అని అడిగింది. ల్యాబులో తన జీతం, నా కొడుకు సంపాదన కలిపి అద్దెలు, ఫీజులు, నా మందుల మధ్య ఇల్లు ఈదుకొస్తున్న పిల్ల. ఊరికే అడగలేదు, నిజంగానే నా మాట కోసం కాచుకుని నిలబడింది. ముందే కట్టాలి అన్న మాట చెవిన పడగానే నా గుండె ఝల్లుమంది. రేపు చెప్తాను పో అని కసురుకున్నాను కూడా. పాపం, దానికేం తెలుసు.

నా భయం ఎందుకో నా ఈడు వాళ్ళయితే ఇట్టే పట్టుకుంటారని మీతో చెప్పుకుంటున్నాను. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, తెలుగులోనే పోట్లాడుకుంటాం, కానీ ఈ అక్షరాలు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే, అదీ చిన్నప్పుడు తెలుగు బడిలో కూర్చున్న పుణ్యం. కాబట్టి మా ఆయన గురించి ఇక్కడ ఏం రాసినా ఇంట్లో పట్టుబడే భయం లేదు.

పెళ్ళయిన కొత్తలో మా కాపురం గుడియాత్తంలో. మా ఆయన మేస్త్రీ, పనిలో దిట్ట, కోపంలో అంతకంటే దిట్ట. ఎండాకాలమంతా చేతినిండా పని, శనివారం శనివారం కూలి; దీపావళి నాటి ఐప్పసి నెల వచ్చి వాన పట్టుకుందంటే పునాది గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, ఇసుక బండ్లు రావు, ఇల్లు కట్టించుకునేవాళ్ళు సంక్రాంతి పడే తై నెల దాకా చూద్దాం లెమ్మంటారు, ఇక మేస్త్రీల ఇళ్ళలో పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే మావాళ్ళందరిలాగే నేనూ ఎండాకాలం కూలిలోంచి కొంచెం కొంచెం తీసి వానకని విడిగా దాచేదాన్ని. బియ్యం, రాగులు ముందే కొని పెట్టుకోవచ్చు గానీ కూరగాయలను దాచుకోలేం కదా. సరిగ్గా చేతిలో డబ్బాడని ఆ నెలల్లోనే వంకాయలు కూడా కొండెక్కి కూర్చునేవి. అప్పటికి నాకిద్దరు పిల్లలు, చిన్నదానికి ఇంకా నడక కూడా సరిగ్గా రాలేదు.

అణైకట్ పక్క పల్లె నుంచి ఒక రైతమ్మ, భర్త పోయినామె, వారానికోసారి బస్సు మీద గంపలు వేసుకుని మా వీధికి వచ్చేది. కూతుర్ని మా ఊళ్ళోనే ఇచ్చింది కాబట్టి ఆ వంకతో బిడ్డనూ చూసుకుని పోయేది. ఆ ఏడు వానలకు ముందు ఆమె మా గడప దగ్గర గంప దించి, చెమట తుడుచుకుని, మెల్లగా ఒక మాట కదిలించింది. విత్తనాలకూ ఎరువుకూ చేతిలో ఏమీ లేదనీ, ఇప్పుడు నేను మొత్తంగా డబ్బిస్తే వానలు వెలిసేదాకా ప్రతి శనివారం ఒక గంప నాకని విడిగా తెస్తాననీ, బజారులో ధర ఎంత ఎగిరినా నన్ను పైసా అడగననీ. "నన్ను నంబమ్మా, సత్యంగా తెచ్చిస్తాను" అని అరవమూ తెలుగూ కలిపి చెప్పి నా చెయ్యి పట్టుకుంది. ఆమె అడిగినది నేను వానకని దాచినదాంట్లో ముప్పావు భాగం.

ఇచ్చి ఆమె రాకపోతే వానాకాలమంతా పిల్లలకు వట్టి సంగటే గతి. ఇవ్వకపోతే కార్తీకంలో బజారువాళ్ళు చెప్పిన ధరకు నోరెళ్ళబెట్టి వెనక్కి రావడమే గతి. అటూ ఇటూ తూచుకుని తూచుకుని తల వేడెక్కిపోయి చివరికి మా ఆయనతో చెప్పాను. ఆయన అంతెత్తున లేచాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందామ్మే? అడ్వాన్సు ఎత్తుకుని పారిపోయిన మేస్త్రీలు ఎంతమందో నాకు తెలీదా?" అన్నాడు. మా పనిలో అదొక పద్ధతి, మీకు తెలిసే ఉంటుంది: ఇంటివాళ్ళు తాంబూలంలో పెట్టి అడ్వాన్సు ఇచ్చాక మేస్త్రీ ఆ ఇంటికి కట్టుబడినట్టే, అది ముగించకుండా ఇంకో చోట తాపీ పట్టకూడదు, పట్టేవాళ్ళు పడుతూనే ఉంటారు, అది వేరే సంగతి. నేను ఊరుకుంటానా? "నువ్వు పారిపోయినావా?" అన్నాను. "నేనెందుకు పారిపోతాను?" అన్నాడు ఉక్రోషంగా. "అట్లయితే ఆయమ్మ మాత్రం ఎందుకు పారిపోతాది?" అన్నాను. అయినా ఆయన మనసు ఒప్పుకోలేదని మొహమే చెప్పింది.

నేను మా పద్ధతిలోనే ఇచ్చాను, తమలపాకులు, వక్కలు పెట్టి. రైతమ్మ ఆ తాంబూలం చూసి, "ఇదేందమ్మా, పెళ్ళి మాటలా?" అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి కళ్ళకద్దుకుంది.

మొదట్లో గంప చక్కగా వచ్చింది. బీరకాయలు, పొట్లకాయలు, గోరుచిక్కుడు, అరటికాయలు, అడుగున పిల్లలకని నాలుగు జామకాయలు. ఏముంటే అది తేవడమే గానీ మనం కోరుకునేది లేదు కాబట్టి వరసగా బీరకాయలు దిగాయంటే వారమంతా బీరకాయలే. మా ఆయన కంచం ముందు కూర్చుని, మీ గంపామె మా ఒంట్లో పాదు పెట్టేదాకా వదలదా అని వెక్కిరించేవాడు. నేను మాత్రం వీధిలో తలెత్తుకుని తిరిగాను, చెప్పొద్దూ, కొంచెం మిడిసిపడ్డాను కూడా.

తర్వాత వాన వచ్చింది. అది వాన కాదు, ఆకాశం చిల్లు పడడం. పనులు నిలిచిపోయాయి, గోడలు కట్టేటప్పుడు ఎక్కి నిలబడే సారం కొయ్యలన్నీ తెచ్చి మా వసారాలో పడేశారు, బస్సులు నిలిచాయి. శనివారం గంప రాలేదు. దారి బాగాలేదు, వచ్చే వారం వస్తుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆ వచ్చే వారం బస్సులు తిరిగాయి, గంప మాత్రం రాలేదు. ఆమె కూతురింటికి పోతే తాళం వేసి ఉంది, ఎక్కడికి పోయారో పక్కవాళ్ళకు తెలియదు. వీధిలో ఆడవాళ్ళు జాలిగా పలకరించినట్టే పలకరించి మూతులు తిప్పుకున్నారు. మా ఆయన తిట్టి ఉంటే బాగుండేది, నేనూ రెండు అనేసి తేలికపడేదాన్ని. ఆయన సంగటిలో పచ్చిపులుసు పోసుకుని తిని లేచిపోయేవాడు. పెద్దవాడు అమ్మా కూర అని అడిగితే వాడి వీపు మీద ఒకటి వేసి, తర్వాత నేనే మూల కూర్చుని ఏడ్చాను.

ఒక రోజు తెల్లారేసరికి ఆయన చొక్కా తొడుక్కుని, ఆయమ్మ సంగతి ఏందో తేల్చుకుని వస్తాను అని ఒక్క ముక్క అని బయలుదేరాడు. ఆయన కోపం నాకు తెలుసు. ఒకసారి కూలి ఎగ్గొట్టిన ఇంటాయన్ను తాను కట్టిన గోడకే అదిమిపట్టిన మనిషి. ఒంటరి ఆడమనిషి, కొత్త ఊరు, అక్కడ ఏం జరుగుతుందో అని నా ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. సాయంత్రం వస్తాడనుకుంటే రాలేదు. మరుసటి రోజు పొద్దు నెత్తికెక్కేదాకా చూసి, పిల్లలను పక్కింటామె దగ్గర వదిలి నేనే బస్సెక్కాను. పళ్ళికొండ దగ్గర పాలారు బురద రంగులో ఒడ్లు ఒరుసుకుని పారుతుంటే బస్సు వంతెన మీద నత్తలాగా కదిలింది, నేను కిటికీ కమ్మీ పట్టుకుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. ఆయన ఆ నీళ్ళలో పడ్డాడా, లేక ఆమె మీద చెయ్యి చేసుకుని ఊరివాళ్ళ చేతిలో చిక్కాడా, ఈ రెండింటి మధ్యే నా మనసు కొట్టుకుంది.

పల్లెలో అడుగుతూ బురదలో పోతే ఆమె ఇల్లు చూపించారు. ఇల్లంటే మూడు గోడలు. తోట వైపు గోడ మొత్తం కూలిపోతే దూలానికి కొయ్యలు ఆనించి కప్పును నిలబెట్టారు. దాని కింద మా ఆయన పంచె ఎగ్గట్టి, ఒళ్ళంతా మట్టితో, కూలిన రాళ్ళే ఏరి మళ్ళీ పేరుస్తున్నాడు. రైతమ్మ మట్టి తొక్కుతోంది, కూతురు నీళ్ళు పోస్తోంది. తోట ఉండాల్సిన చోట నీళ్ళు నిలిచి, పాదులు కుళ్ళి వాసన కొడుతున్నాయి.

"యాడికి వచ్చినావుమ్మే, పిల్లోళ్ళను విడిచిపెట్టి?" అని ఆయన నన్నే గదిమాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నిన్ను ఏరు ఎత్తుకుపోయిందో ఏమోనని సచ్చి బతికి వస్తే నన్నే అడుగుతావా? వసూలు చేసేదానికని వచ్చి కూలిపని చేస్తా ఉండావే, సిగ్గుండాదా నీకు?" అని అరిచి, అరుస్తూనే ఏడ్చేశాను. ఆయన చేతిలో రాయి దించకుండా, "గోడ పడిపోయిన ఇంట్లో గంప యాడని అడిగేదెట్ల? కావాలంటే నువ్వు అడుగు. నాకు నోరు రాలా" అన్నాడు.

రైతమ్మ మట్టికాళ్ళతోనే వచ్చి నా ముందు తల దించుకుని నిలబడింది. "తోట పోయినాదమ్మా. నేను యాడికీ పోలా" అంది. అడగాలనే వచ్చాను, దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చాను. అయినా కొంగు బిగించి మట్టి తట్ట అందుకున్నాను.

ఆ వానాకాలం ఎట్లా గడిచిందని మాత్రం అడగకండి. మా ఆయన మండీలో మూటలు మోశాడు, నేను దొరికిన ఆకల్లా కోసుకొచ్చి వండాను, చిన్నదానికి జ్వరం వచ్చినప్పుడు ఆయన్నూ, ఆ రైతమ్మనూ, నన్నూ కలిపి తిట్టుకున్నాను. తై నెల దాటాక గంప మళ్ళీ వచ్చింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. ఏది పాత డబ్బుదో, ఏది గోడ కట్టినందుకో, ఏది ఊరికే ఇచ్చిందో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. ఇంటి ఖర్చు లెక్కన చూస్తే ఆ ఏడు ఇచ్చిన అడ్వాన్సు వట్టి నష్టం. ఆ మాట మా ఆయన పోయేదాకా ఆయన ముందు నేను ఒప్పుకోలేదు.

కోడలు ఫోను చూపించి అడిగిన మర్నాడు దాన్ని కట్టమనే చెప్పాను, అయితే ఒక్క నెలకే, చూసి చేద్దామని. పెట్టెలు వచ్చాయి. బీట్‌రూట్లు మా ఇంట్లో ఎవరికీ సహించవు, పేరు తెలియని ఆకు ఒకటి వాడిపోతే పారేశాం, పళ్ళకు మాత్రం పిల్లలు ఎగబడ్డారు. పారేసినవి కలుపుకుంటే బజారుకూ దీనికీ తేడా లేదనీ, వచ్చినదంతా వండుకుని తింటే కొంచెం కలిసొస్తుందనీ కోడలు తేల్చింది. ఇంతలో వానలు ముదిరి ఒక శనివారం పెట్టె రాలేదు. నేను గడపకూ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలాగా తిరుగుతుంటే కోడలు ఫోను చూసుకుంటూ నవ్వుతూ వచ్చింది. "డబ్బు వెనక్కి వచ్చేసినాదత్తా, ఒక్క రూపాయి పోలా. వచ్చే నెలకూ కట్టేస్తాను" అంది.

మంచిదే. అప్పట్లో ఇట్లాంటిది ఉంటే నా పిల్లలు అన్నాళ్ళు పచ్చిపులుసుతో తినే బాధ తప్పేది, ఆ మాట నేను దాచను. అయినా నోరు ఊరుకోక, ఎందుకు రాలేదంట అని అడిగాను. "అదంతా చెప్పరత్తా" అంది. పోనీ ఎవరి తోటవి, ఏ ఊరివి అంటే అదీ ఎక్కడా రాయరట. దానికి డ్యూటీకి వేళయింది, వెళ్ళిపోయింది. బయట వాన పడుతూనే ఉంది. మా ఆయన ఉండి ఉంటే ఈపాటికి బయలుదేరి ఉండేవాడు. కానీ ఏ ఊరని పోతాడు?