కూర్చోవడానికి ఆటో ఎక్కినవాళ్ళం

సిద్దిపేటలో నాకు నడక గురించి నీతులు చెప్పిన ప్రతి మనిషికీ సొంత బండి ఉంది. నడిచేవాళ్ళెవరూ ఇంకొకరిని నడవమని చెప్పరు. వాళ్ళకు అంత తీరికా ఉండదు, ఊపిరీ మిగలదు.

అందరికన్నా ఎక్కువగా చెప్పింది మా సేటు. బజారులో పెద్ద బట్టల దుకాణం ఆయనది. అందులో నేను చీరలు చూపించే పని చేసేదాన్ని. ఆయన పొద్దున్నే కారులో చెరువు కట్ట దాకా వెళ్ళి, కట్ట మీద నడిచి, మళ్ళీ కారెక్కి దుకాణానికి వచ్చేవాడు. గల్లాపెట్టె వెనక మెత్తటి కుర్చీలో కూలబడి, ఆ రోజు ఎన్ని చుట్లు తిరిగాడో చెప్పేవాడు. మేం చేతులు కట్టుకుని నిలబడి వినేవాళ్ళం.

బస్టాండు నుంచి దుకాణానికి పెద్ద దూరమేమీ లేదు. అది నేనూ ఒప్పుకుంటాను. అయినా రోజూ షేర్ ఆటో ఎక్కేవాళ్ళం, నేనూ మా అక్కా. సొంత అక్క కాదు. నాతో పాటే దుబ్బాక వైపు నుంచి ఒకే బస్సులో వచ్చి, ఒకే కౌంటరు వెనక పనిచేసే మనిషి, నాకన్నా చాలా పెద్దది. ఒకప్పుడు ఇంట్లో మగ్గం నేసేది. మరమగ్గాల పనికి భీవండి పోయిన భర్త జబ్బుతో తిరిగొచ్చి మంచం పట్టాక, మగ్గం మీద ఇల్లు గడవక దుకాణంలో చేరింది. "అప్పుడు కూసుండి నేసిన, గిప్పుడు నిలవడి అమ్ముతున్న చెల్లె" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

నిలబడడం అంటే ఏమిటో చెబుతాను. కౌంటరుకు ఇవతల గిరాకీ వాళ్ళ కోసం ఎర్ర దిండ్లు వేసిన స్టూళ్ళు వరసగా ఉండేవి. అవతల మా కోసం ఒక్కటీ లేదు. గోడకు కాస్త ఆనుకుంటే చాలు, కెమెరాలో చూసి సేటు గల్లా దగ్గర నుంచే కేకేసేవాడు. మధ్యాహ్నం చీరల మూటలు నింపిన ఇరుకు గదిలో టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడే తినేవాళ్ళం. మూటల మీద కూర్చుంటే చీరలు నలుగుతాయట. నీళ్ళు తాగితే పై అంతస్తు బాత్రూంకి పోవాలి, పోతే ఎందుకు పోయావని అడుగుతారు, కాబట్టి నీళ్ళూ తక్కువే. పొద్దున వచ్చే బస్సులో నిలబడేవాళ్ళం, సాయంత్రం పోయే బస్సులోనూ నిలబడేవాళ్ళం. ఆ బస్సుల్లో సీటు దొరికిన రోజు పండగే.

ఇక మిగిలింది ఆటో. "రాండ్రి అక్కా, ఇంకొక్క జాగ ఉన్నది" అని డ్రైవరు పిలిచేవాడు. ఎంతమంది ఎక్కినా అతని ఆటోలో ఇంకొక్క జాగ ఉండేది. సగం నడుము సీటు మీద, సగం గాలిలో. పక్కావిడ కూరగాయల సంచి మా ఒళ్ళో. అయినా అది కూర్చోవడమే. కాళ్ళ మీద నుంచి ఒంటి బరువు దిగేది. అక్క ఎక్కగానే కళ్ళు మూసుకునేది. ఎండ నుంచి తప్పించుకోవడానికి ఎక్కుతున్నారని చూసేవాళ్ళు అనుకునేవాళ్ళు. ఎండ కూడా ఉంది, కాదనను. కానీ మేం ఆ పది రూపాయలు పెట్టి కొనుక్కున్నది కూర్చోవడాన్ని.

ఒకరోజు ఆటో సరిగ్గా దుకాణం ముందే ఆగింది. సేటు మెట్ల మీద అగరొత్తులు తిప్పుతున్నాడు. అక్క కడ్డీ పట్టుకుని మెల్లగా దిగుతోంది.

"ఈడికెళ్ళి ఆడికి ఆటోనా? దొరసాన్లయిన్రు గదా! మా నాయిన కోహెడ దిక్కు ఊళ్ళన్నీ మూట నెత్తిన పెట్టుకొని నడిచిండు తెల్సా?"

నడిచింది ఆయన నాయిన. ఆయన కాదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్క నా మోచేయి గిల్లింది.

అప్పటికే అక్క కాళ్ళు చెడిపోతున్నాయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పు పట్టీ కింద గాడి పడేది. పిక్కల మీద నరాలు నీలంగా ముడులు పడి ఉండేవి. ఎక్కువసేపు నిలబడొద్దని దవాఖానలో డాక్టరు చెప్పాడు. నిలబడకపోతే ఇల్లెట్లా గడుస్తుందో మాత్రం చెప్పలేదు. అక్క ధైర్యం చేసి సేటును అడిగింది.

"సేటూ, చిన్న పీట ఇప్పియ్యిన్రి. గిరాకి లేనప్పుడు జర్రసేపు కూసుంట."

"గిరాకొచ్చేటాళ్ళకు నువ్వు కూసుండి కనవడితె ఏం మర్యాద? కాళ్ళ నొప్పులకు నడకే మందు. ముందుగాల ఆటోలెక్కుడు బంజెయ్యి, అన్ని తక్కువైతయి."

ఇప్పుడు రాస్తుంటే కూడా నా ఒళ్ళు మండుతోంది. పొద్దంతా నిలబెట్టి కాళ్ళు పాడు చేసినవాడే, నడవక పాడయ్యాయని తేల్చేశాడు! ఆ రోజు నుంచి అక్క గల్లీ మలుపులోనే ఆటో దిగి, సేటు కంటపడకుండా దొంగలా వచ్చేది.

తర్వాత పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయి, మండు వేసవి. ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడని ఆ పొద్దున పోలీసులు ఆటోలన్నీ బస్టాండు దగ్గరే ఆపేశారు. మేం నడిచాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కనున్న చెట్లు పోయాయి. వాటికి బదులు మధ్యలో పూలమొక్కలు పెట్టారు. వాటి నీడ వాటికే చాలదు. కింద తారు, పైన ఎండ. అక్క కొంగు నెత్తిన వేసుకుని ప్రతి దుకాణం రేకు కిందా ఆగుతూ వచ్చింది. చేరేసరికి ఆమె జాకెట్టు వీపంతా తడిసి ముద్దయింది.

లోపల పెళ్ళివారు కూర్చుని ఉన్నారు. చీరను మడతలో చూపిస్తే మా దగ్గర ఎవరూ కొనరు, భుజం మీద వేసుకుని కుచ్చిళ్ళు పెట్టి చూపించాలి. పెళ్ళికూతురి తల్లికి మీగడ రంగు పట్టుచీర నచ్చింది. సేటు అక్క వైపు వేలు చూపించాడు.

"జర్ర చెమట ఆరనియ్యిన్రి సేటూ" అంది అక్క.

"కానియ్యి, కానియ్యి!"

అక్క మెడ తుడుచుకుని చీర వేసుకుంది. ఫ్యాను కింద నిలబడి అటూ ఇటూ తిరిగి చూపించింది. తీసేసరికి భుజం దగ్గర అరచేతంత తడి మచ్చ. పెళ్ళికూతురి తల్లి ముఖం చిట్లించింది. సేటు చీర లాక్కుని దీపం కింద పెట్టి చూశాడు.

"గింత ఎండల నడుచుకుంట వస్తరా ఎవలన్న? పది రూపాయలు పెట్టి ఆటోల రాలేవా?"

సరిగ్గా ఇదే మాట. ఆ నోటితోనే!

అక్క కౌంటరు చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, గిరాకీ వాళ్ళ ఎర్ర స్టూలు మీద కూర్చుంది.

"లే" అన్నాడు సేటు.

"నడువుమంటివి, నడిచిన. ఆటోల రమ్మంటివి, రేపు వస్త. గిప్పుడైతె కూసుంట."

పెళ్ళికూతురు తన నీళ్ళ సీసా ఆమె ముందుకు జరిపింది. గిరాకీ ముందు అరవలేక సేటు పళ్ళు కొరుకుతున్నాడు. నేను మాత్రం ఆగలేకపోయాను. "మీరు కట్ట సుట్టు నడిచొచ్చి కుర్చీల కూసుంటరు సేటూ. మేం నడిచొచ్చి నిలవడాలె. గా నడకా గీ నడకా ఒక్కటేనా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నీ రాయదగ్గ మాటలు కావు.

రేపటి నుంచి రావద్దన్నాడు నన్ను. అక్క మాత్రం మర్నాడు పోయి తప్పయిందని చెప్పింది. మంచాన ఉన్న మనిషికి మందులు కావాలి మరి. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమెతో ఆ మాట అనిపించుకున్నవాడి మీద వచ్చిన కోపం ఇంకా పోలేదు. సేటు ఆమెను పనిలో ఉంచుకున్నాడు, పీట మాత్రం ఇవ్వలేదు.

నేను ఒక టైలరు దుకాణంలో మిషను పనికి కుదిరాను. పొద్దంతా కూర్చునే పని. సాయంత్రానికి కాళ్ళు తిమ్మిరెక్కి, ఎప్పుడెప్పుడు లేచి నడుద్దామా అని ఉంటుంది. ఇప్పుడు బస్టాండుకు రోజూ నడిచే పోతున్నాను. అదే రోడ్డు, అదే వేడి, చెట్లు ఇంకా లేవు. నాకు కొత్తగా ఎవరూ బుద్ధి చెప్పలేదు.

మొన్న అట్లా పోతుంటే ఒక ఆటో పక్కన ఆగింది. లోపల అక్క. "జరుగున్రి, చెల్లెకు జాగియ్యిన్రి" అంటూ తనే ఒదిగింది. నడుస్తానన్నాను. డ్రైవరు పక్కన కూర్చున్న తెల్ల చొక్కా ఆయన వెనక్కి తిరిగి, "సూడున్రి, గామె నడుస్తలేదా? మీకు గింత దూరానికి ఆటో" అని నవ్వాడు.

అక్క తన పాదాల వైపు చూసుకుంది. నేను ఆటో కడ్డీ పట్టుకున్నాను.

"నేను పొద్దంత కూసున్న, అందుకే నడుస్తున్న. ఈమె పొద్దుగాల ఆటో దిగినప్పటి సంది గిప్పుడే కూసున్నది. తెల్వకుంట మాట్లాడకు!"

ఆయన ముందుకు తిరిగాడు. నేను ఇంకా అనేదాన్నే. అక్క నా చేతి మీద మెల్లగా తట్టింది.

"ఊకో చెల్లె" అంది. "బస్టాండు వచ్చేదాక నెమ్మదిగ కూసుండనియ్యి."