సభాజ్యేష్ఠులవారి ఫోను

డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్తల్లో ఉద్యోగమంటే ఫ్యాను కింద కుర్చీ అనుకునేదాన్ని. ఆ కుర్చీ నాకు ఏలూరులో ఒక ఎంపీగారి ఆఫీసులో దొరికింది, ఎదురుగా ఒక ఫోనుతో సహా. ఎంపీగారు పార్లమెంటులో తలపండిన మనిషి. అన్నేళ్లు సభలో ఉన్నందుకు తాడేపల్లిగూడెంలో అభిమానులు సన్మానం చేసి ‘సభాజ్యేష్ఠ’ అని బిరుదిచ్చారు. ఆయన శాలువా కారులో పడేసి ఢిల్లీ వెళ్లిపోయారు. బిరుదు మాత్రం నా నెత్తిన పడింది.

ఆఫీసు నడిపేది ఆయన బావమరిది. (చాటుగా మేం ‘చిన్న ఎంపీ’ అనేవాళ్లం.) "ఏవమ్మా, ఇకనుంచి ఫోనెత్తగానే ‘సభాజ్యేష్ఠులవారి కార్యాలయం’ అనాలి. ఉత్త ఎంపీగారి ఆఫీసు అన్నావంటే ఊరుకోను" అన్నారు. సరే, అలాగే అన్నాను. అవతలివాళ్లు "సారీ అండీ, రాంగ్ నంబరు" అని పెట్టేసేవారు. పెంటపాడు నుంచి ఒకావిడైతే "స్వామివారి దర్శనం ఎప్పుడండీ?" అని అడిగారు. రోజంతా ఇదే గోల. నా గొంతంటే నాకే విసుగు పుట్టింది.

ఒక ముసురు రోజు కొల్లేరు లంక నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నా పలకరింపు విని పెట్టేశాడు. మళ్లీ చేశాడు, మళ్లీ పెట్టేశాడు. ఆ తర్వాత ఏడుపు గొంతుతో, "ఏవండీ, రోడ్డు మునిగిపోయిందండీ. మా అమ్మాయికి నొప్పులొస్తున్నాయండీ, పడవ కావాలండీ. ఎంపీగారి నంబరు మీకేవన్నా తెలుసాండీ?" అన్నాడు.

"ఇదేనండీ బాబూ, ఎంపీగారి ఆఫీసు!" అని అరిచాను. అధికారులకు ఫోన్లు చేసి, పడవ బయల్దేరిందని తెలిసేసరికి నాకు చెమటలు పట్టాయి. గుమ్మంలో నిలబడ్డ చిన్న ఎంపీగారికి వినబడింది మాత్రం నా అరుపొక్కటే.

"చెప్పిన మాట వినని పిల్లవి. రేపట్నుంచి రానక్కర్లేదు" అంటుండగానే ఫోను మోగింది. ఆయనే ఎత్తి, గొంతు సవరించుకుని, "సభాజ్యేష్ఠులవారి కార్యాలయం" అన్నారు.

"సారీ అండీ, రాంగ్ నంబరు."

ఆ గొంతు మా ఇద్దరికీ తెలుసు. వెంటనే మళ్లీ మోగింది. "ఏవయ్యా, మన ఫోను ఏ పీఠానికిచ్చేశారు?" అన్నారు ఎంపీగారు ఢిల్లీ నుంచి.

"అది మీ బిరుదే బావగారూ" అన్నారు ఈయన, నీళ్లు నములుతూ.

"నాదా?"

సాయంత్రానికి లంక అమ్మాయికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. నా ఉద్యోగం ఉందో ఊడిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. (ఉందని మర్నాడు తెలిసింది.) ఆ సాయంత్రం ఇంటికెళ్లే తాడేపల్లిగూడెం బస్సులో దారిపొడవునా ఏడ్చాను. పరీక్ష తప్పాననుకుందో ఏమో, పక్కసీటు పెద్దావిడ సంచిలోంచి ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది. ఏడుస్తూనే మొత్తం తినేశాను. బస్సులో ఏడ్చిన ఆ పిల్ల, అదే అప్పటి నేను, గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది.