పగటి నీళ్ళు

మా ఇంటావిడ పోయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం, నౌపడలో మా ఇంట్లోనే, రెండు చెంచాల గంజి తాగి, ఉప్పు తక్కువైందని చెప్పి కళ్ళు మూసుకుంది. ఉప్పు ఆఫీసులో పనిచేస్తూ, ఉప్పుమళ్ళ మధ్య కాపురముంటూ గంజిలో ఉప్పు తక్కువేమిటని వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అయిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు ఒకటే అడుగుతున్నారు, ఆ విశాఖపట్నం మందే ప్రాణం తీసిందా అని. కాదు. తీసింది రొమ్ము కేన్సరు. మందు మాకు దాదాపు రెండేళ్ళు ఇచ్చింది. దాన్ని సరిగా మింగడం కుదిరాక ఇచ్చింది. అది ఎలా కుదిరిందో రాస్తున్నాను. రాయడానికి కొంచెం సంకోచంగా ఉంది. ఆవిడ ఉంటే, "రాయండి, నాను సిగ్గుపడుంటే ఎప్పుడో పోదును" అనేది.

ఆపరేషను అయిన ఏడాదికి మచ్చ పక్కన మళ్ళీ గడ్డలు కనిపించాయి. విశాఖపట్నంలో పెద్ద డాక్టరుగారు ఈసారి కత్తి పట్టలేదు. మాత్రల సీసా ఇచ్చారు. పొద్దున ఏదైనా తిన్నాక మింగాలి. కొరకకూడదు, విరవకూడదు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. జ్వరం తగిలితే ఆ పూట రైలుకే రావాలి. కొత్త సీసా ఇచ్చేముందు ప్రతిసారీ రక్తం పరీక్ష. అన్నిటికంటే ముఖ్యం, పగలంతా నీళ్ళు తాగుతూ, ఎప్పటికప్పుడు మూత్రానికి వెళ్తూ ఉండాలి. మందు లోపల నిలవుంటే మూత్రాశయాన్ని పుండు చేస్తుందన్నారు.

ఆవిడ అన్నిటికీ తలూపింది.

మాత్రను చేత్తో ముట్టుకునేది కాదు. సీసా మూతలోకి వంపుకుని, మూతతోనే నోట్లో వేసుకునేది. నన్నూ ముట్టుకోనిచ్చేది కాదు. ఉద్దానంలో జీడిపిక్కలు ఒలిచి, ఆ సొనకు వేళ్ళు పొక్కే ఇంట్లో పుట్టిన మనిషి. "సెయ్యి కాల్చేది ఏదో మాకు సూత్తే తెలుత్తాది" అనేది. పక్కింటి పిన్ని ఉప్పుమళ్ళలో పనిచేసే పెద్దావిడ. ఒకసారి చంకలో సెగ్గడ్డ లేచిందని వచ్చింది.

"నీ మాత్ర ఒకటియ్యే. నాదీ గెడ్డే గదా."

"పంచడానికి ఇది పెసాదమేటి పిన్నీ? గుడ్డ ఏడి సేసి కాపడమెట్టుకో."

జుట్టు పలచబడింది. అద్దం ముందు చాలాసేపు కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. తనే నావైపు తిరిగి, "మా ఊరి కొబ్బరికాయలాగున్నాను గదా, పీసు తీసింది" అంది. నవ్వక తప్పలేదు.

కొన్ని నెలలకు మూత్రంలో మంట అంది. ఎరుపు కనబడే దాకా దాచి, అప్పుడు చెప్పింది. రైలెక్కాం.

"నీళ్ళు తాగుతున్నారా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"తాగుతన్నానండి."

"ఎప్పుడెప్పుడు?"

ఆవిడ నేలవైపు చూసింది. ఆయన మమ్మల్ని బయట కూర్చోమన్నారు. వరండాలో బల్ల మీద కూర్చున్నాక నాతో మెల్లగా అంది:

"దీపాలెట్టినాక తాగుతన్నాను. ఆయన సెప్పినన్నీ తాగుతన్నాను. పొద్దు మారితే ఏటి?"

"పగలు తాగొచ్చు కదా?"

"తాగి ఎక్కడికెల్లమంటారు? మీ ఆఫీసు ముందు ఉప్పుకుప్పల ఎనక్కా?"

నౌపడ చూడనివాళ్ళకు ఇది చెప్పాలి. మా ఇళ్ళ వెనక నుంచి ఉప్పుమళ్ళు పళ్ళెంలా చదునుగా పరుచుకుని ఉంటాయి. మనిషి చాటుకు వెళ్ళడానికి ఒక పొద లేదు. ఆడవాళ్ళు తెల్లవారకముందు వెళ్ళాలి, లేదా చీకటి పడ్డాక. మధ్యలో దాహం ఓర్చుకోవడమే ఇక్కడ ఆడపిల్లకు నేర్పే మొదటి మర్యాద. ఆవిడ ఆ మర్యాదకూ డాక్టరు మాటకూ మధ్య రాజీ కుదిర్చింది. పొద్దున మాత్ర, రాత్రి నీళ్ళు. మధ్యలో మందు పగలంతా లోపలే నిలిచిపోయింది.

నేను లోపలికి వెళ్ళి చెప్పాను. డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎరుపు పూర్తిగా పోయేదాకా మాత్ర లేదు. పోయాక కూడా, ఇంటి దగ్గర చాటు లేకపోతే ఇవ్వను. ఇవ్వడానికి నా దగ్గర వేరే మందు కూడా లేదు" అన్నారు.

రైల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. మా స్టేషను దగ్గర పడుతుండగా అంది: "మంచి డాకటరే. మందడిగితే మరుగుదొడ్డి రాసిచ్చినాడు."

కబురు అందగానే మా బావమరిది ఉద్దానం నుంచి బండినిండా కొబ్బరికమ్మలు, సరుగుడు వాసాలు వేసుకుని వచ్చాడు. "మీ పెళ్ళి పందిరికీ మా కమ్మలే, దీనికీ మా కమ్మలేనా బావా?" అంటూనే గునపం అందుకున్నాడు. మోకాలి లోతు తవ్వేసరికి ఉప్పునీరు ఊరింది. మా ఊళ్ళో గొయ్యి తవ్వడమంటే అంతే. చివరకు పెరటి మూల మట్టి పోసి దిబ్బ లేపి, దాని మీద రాళ్ళు పరిచి, చుట్టూ కమ్మల దడి కట్టాం.

పిన్ని గోడ అవతల నుంచి చూసి బుగ్గ నొక్కుకుంది. "ఇంటి పెరట్లోనే? లచ్చిందేవి ఉంటాదేటే?"

"ఎందుకుండదు పిన్నీ? ఆయమ్మకి మాత్తరం అవసరం పడదా?"

పిన్ని కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఎరుపు పోయింది. డాక్టరుగారు మళ్ళీ సీసా ఇచ్చారు. ఇచ్చేముందు నన్ను కాదు, ఆవిడనే అడిగారు, దడి ఎంత ఎత్తని. ఆవిడ లేచి నిలబడి చెయ్యెత్తి చూపించింది. ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

మరచెంబు పక్కన పెట్టుకుని పగలంతా తాగేది. మాది ఉప్పునేల. తాగే నీళ్ళు స్టేషను నూతి నుంచి మోసుకురావాలి. నేను పొద్దున తెచ్చినవి మధ్యాహ్నానికి చాలేవి కావు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం పిన్ని వచ్చింది. "కమ్మలు ఎలా కట్టినారో సూత్తానే" అని దడిలోకి వెళ్ళి, చాలాసేపటికి బయటకు వచ్చింది.

"సూసినావా పిన్నీ?"

"సూసినాను."

"బాగుందేటి?"

"ఊరుకోయే."

మర్నాడు పిన్ని బిందెడు మంచినీళ్ళు మోసుకొచ్చి మా గడపలో దించింది. ఎవరూ అడగలేదు. తరవాత వీధిలో అదే రివాజైంది. దడికి వచ్చే ఆడమనిషి ఎవరైనా నూతి నుంచి నీళ్ళు తెస్తుంది. "తాగడానికి నువ్వు, మొయ్యడానికి మేమా?" అని పిన్ని సణిగేది. "మీరూ తాగండి మరి" అనేది ఆవిడ. వాళ్ళు తాగేవారు కాదు. దడి దాకా వచ్చినా, పగలు నీళ్ళు ముట్టని అలవాటు అంత తొందరగా పోలేదు.

ఆ రెండేళ్ళూ మళ్ళీ ఎరుపు రాలేదు. రోగం ఊపిరితిత్తులకు పాకినప్పుడు డాక్టరుగారు మాత్రలు ఆపించారు. ఆవిడ మాత్రం నీళ్ళు ఆపలేదు. "మందు కోసమే తాగినానేటి? దాహమేసి తాగుతన్నాను" అంది.

పెద్దకర్మ అయిన మర్నాడు వీధి ఆడవాళ్ళు కొత్త కమ్మలతో వచ్చారు. పాతవి ఎండి విరిగిపోతున్నాయి. నేను లేవబోతే పిన్ని, "మీరు కూకోండి బాబూ, ఇది మా పని" అంది. దడి విప్పి మళ్ళీ కట్టారు. మధ్యలో ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. నన్ను చూసి ఆపబోయారు. ఫరవాలేదన్నాను.

పని అయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పిన్ని గడపలో ఉన్న బిందెలోంచి చెంబు ముంచుకుంది. అటూ ఇటూ చూడలేదు. ఎండలో నిలబడి, తల వెనక్కి వాల్చి, గొంతు కదులుతుండగా గటగటా తాగింది. చెంబు ఖాళీ చేసి పక్కావిడకు అందించింది. ఆవిడ వంగి ముంచుకుంది.