పాపికొండల లాంచీలో మా అమ్మ

మా చిన్నప్పుడు... లాంచీ ఇంజను పక్కన, గాసునూనె పొయ్యి ముందు కూర్చొని మా అమ్మ పద్నాలుగు మందికి కోడికూర వండుతోంది. నేను ఎల్లిగడ్డలు ఒలుస్తున్నాను. పైన మావాళ్లంతా కుర్చీలు వేసుకొని గోదావరి చూస్తున్నారు...

ఆ ప్రయాణం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు నాది ఆరో తరగతి. గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. బాపుది, అంటే మా నాన్నది, బాయిలో బొగ్గు నింపే పని. బాపు వాళ్లన్న, మా పెద్దబాపు, ఆఫీసులో గుమాస్తా. "నీకు కొలువు పెట్టిచ్చింది నేను" అనే మాట ఆయన నోట్లో ఎప్పుడూ నానుతుండేది. అది వినగానే బాపు తల వంచేవాడు. ఆయన వంచాక ఇక మేమెంత...

దసరా సెలవుల్లో పెద్దబాపే అందరినీ కూడగట్టాడు. ఆయన ఇల్లు, మా ఇల్లు, మేనత్త ఇల్లు. వ్యానులో భద్రాచలం దాకా, అక్కడి నుంచి లాంచీలో పాపికొండలు. అమ్మ నెల రోజుల ముందు నుంచే మురిసిపోయింది. పెట్టెలో దాచుకున్న ఆకుపచ్చ చీర తీసి ఇస్త్రీ చేయించింది.

లాంచీ ఎక్కీ ఎక్కగానే పెద్దబాపు హుకుం జారీ చేశాడు. "తమ్మీ, బయటి తిండి మనకు పడది. నీ పెండ్లాన్ని కింద వంట చూసుకోమను."

అమ్మ ఎదురుగానే నిలబడి ఉంది. ఆయన ఏది చెప్పినా బాపుకే చెప్పేవాడు.

పెద్దమ్మకు నడుము నొప్పి. మేనత్త ఆడబిడ్డ, పని చెప్పకూడదు. మిగిలింది అమ్మ. ఆమెకు తోడు నేను... పెద్దబాపు కూతుళ్లు పైన గంతులేస్తుంటే.

డీజిల్ వాసన, పొగ, చెవులు పగిలే మోత. గాలికి పొయ్యి ఆరిపోకుండా అమ్మ పళ్లెం అడ్డం పట్టుకొని కూర్చుంది. కొత్త చీరంతా మసి.

ఉన్నట్టుండి పైనుంచి కేకలు... "కొండలొచ్చినయ్!"

నేను అమ్మ చెయ్యి పట్టి లాగాను. "రా అమ్మా, జల్ది రా!"

అమ్మ చేతులు కడుక్కొని మెట్లెక్కింది. సగం ఎక్కిందో లేదో, పెద్దబాపు గొంతు. "తమ్మీ, కూర మాడుతది. కిందికి పొమ్మను."

అమ్మ బాపు ముఖం కేసి చూసింది. బాపు నీళ్లకేసి చూశాడు. అమ్మ దిగిపోయింది.

నిజం చెబుతున్నాను... ఆ క్షణంలో పెద్దబాపు మీద కంటే బాపు మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

మధ్యాహ్నం కింద విస్తర్లు వేసి వడ్డించాం. పెద్దబాపు ఒక్క ముద్ద పెట్టుకొని తుపుక్కున ఊశాడు. "ఏందిది? గిది కూరనా? తమ్మీ, మీ బాయిల బొగ్గన్న దీనికన్న రుచిగుంటది గదా!" అంటూ విస్తరి తీసి గోదాట్లోకి విసిరాడు. మేనత్త మొగుడు పగలబడి నవ్వాడు. ఆయన్ను చూసి అందరూ.

అమ్మ ఏడవలేదు. పాతగుడ్డతో కూర దబర అంచులు పట్టుకొని లేచింది. లాంచీ అంచుకు వెళ్లి కూరంతా నీళ్లలో కుమ్మరించింది. ఎర్రటి నూనె కాసేపు మాతోపాటే తేలుతూ వచ్చింది...

ఖాళీ దబర తెచ్చి పెద్దబాపు ముందు పెట్టింది. "రుచిగున్నది మీరే వండుకోని తినుండ్రి బావా."

ఆమె ఆయనతో నేరుగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

తర్వాత మెట్లెక్కి పైకి పోయి, ముందు వరసలో పెద్దబాపు కుర్చీలోనే కూర్చుంది.

"తమ్మీ! దాన్ని లేపుతవా లేదా?" పెద్దబాపు వెనకే వచ్చి అరిచాడు.

బాపు తల ఎత్తలేదు. అయినా అన్నాడు... "కూసోనియ్యి అన్నా. పొద్దటిసంది అది కొండలే సూడలే."

"కొలువు పెట్టిచ్చినందుకు గిదేనా నీ బుద్ధి?"

"కొలువు నాకు పెట్టిచ్చినవ్. దానికి గాదు."

లాంచీ వెనక్కి మళ్లింది. అవే కొండలు మళ్లీ వచ్చాయి. అమ్మ రెప్ప వేయకుండా చూసింది. బాపు ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ముగ్గురం ఉత్త అన్నంలో మామిడి తొక్కు కలుపుకొని తిన్నాం. కొండలు అందంగా ఉన్నాయో లేవో నాకు గుర్తు లేదు... వెనక నుంచి మేనత్త పెట్టిన శాపనార్థాలు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

ఒడ్డుకు చేరాక వ్యాను మమ్మల్ని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. బస్సులు మారి ఇల్లు చేరాం. మా క్వార్టర్లకు మధ్య రెండే లైన్లు... పెద్దబాపు పోయేదాకా మళ్లీ మాటల్లేవు. చావుకు వెళ్లాం. పెద్దమ్మ అమ్మను పట్టుకొని ఏడిస్తే అమ్మ ఓదార్చింది. పదకొండో రోజు భోజనానికి మాత్రం పోలేదు. పొమ్మని బాపు కూడా అనలేదు.

మొన్న పెద్దబాపు చిన్న కూతురు ఫ్యామిలీ గ్రూపులో ఆ లాంచీ ఫోటో పెట్టింది. "ఎంత మంచి రోజులో! ఈసారి అందరం సముద్రంల క్రూజుకు పోదామా?" అని. కింద వరసగా గుండె బొమ్మలు. ఫోటోలో అందరూ ఉన్నారు. నేనూ అమ్మా లేము. పొయ్యి దగ్గర ఉన్నాం మరి.

"మేం రాము" అని రాసి గ్రూపులోంచి బయటికొచ్చాను. పొగరనుకుంటే అనుకోనీ.

ఇప్పుడు టూర్లకు పోతే వంటవాళ్లే వండి పెడతారు. ఆడవాళ్లు ముందు కుర్చీల్లో కూర్చొని సెల్ఫీలు దిగుతారు. చూస్తుంటే కడుపు నిండుతుంది. మా క్వార్టర్ల లైన్లు మాత్రం సగం ఖాళీ... కలుపుకుపోయేవాళ్లు లేరు, కొట్లాడటానికి కూడా ఎవరూ మిగల్లేదు.

"పాత రోజులే బాగుండేవి" అనేవాళ్లను ఒక్కటే అడుగుతాను... ఎవరికి?

మీ ఇంటి పాత ఫోటోల్లో లేకుండా పోయిన మనిషి ఎవరు? కింద రాయండి. పిన్ని, వదిన అని వరసలు వద్దు, పేరు రాయండి. నేనే మొదలుపెడతాను...

మా అమ్మ పేరు సమ్మక్క.