మస్తాన్ భాయ్ విన్న సినిమా

మెట్టుగూడలో మా టైలర్ మస్తాన్ భాయ్ మిషన్ పక్కన ఫోన్ పెట్టుకుని రోజంతా సినిమాలు నడుపుతుంటాడు. నాకేమో కొరియన్ సినిమాల పిచ్చి. నాకు బాగా నచ్చిన ఒకటి చూడమని పోయిన వారం చెప్పాను. ఇవాళ సాయంత్రం బ్లౌజుల కోసం వెళ్తే, కనపడగానే అందుకున్నాడు.

"ఏం సినిమా చెప్పిన్రు మేడం! సగం సేపు ఎవ్వరు మాట్లాడరు. ఫోన్ ఖరాబైందేమో అని పరేషానైన."

"మాటలు లేకపోతేనేం భాయ్? ఆ మంచు, ఆ తల్లి మొహం చూడలేదా?"

"చూస్కుంట కూసుంటే మీ బ్లౌజులు ఎవరు కుట్టాలె? తెలుగు డబ్బింగ్ పెట్టుకొని విన్న."

ఒళ్లు మండింది. సినిమాని వినడమేమిటి? పైగా బాగాలేదని తీర్పు! అక్కడే నిలబడి కెమెరా పనితనం మీద పావుగంట క్లాసు పీకాను. ఆయన హుక్కులు కుడుతూ అంతా విన్నాడు.

"గదంత నాకు తెల్వది మేడం. కని ఆఖర్ల, కొడుకు సచ్చిపోయినంక, ఆ తల్లి అన్నం పెట్టుకునేటప్పుడు రెండు గిన్నెల సప్పుడైంది. ఉన్నది ఒక్కతేనాయె. గాడ మాత్రం జెర తక్లీఫైంది."

ఆ సీన్లో కొడుకు రాసిన ఉత్తరం వినిపిస్తుంది. రెండుసార్లు చూసిన నేను, రెండుసార్లూ కింద సబ్‌టైటిల్స్ చదువుకుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చి మళ్లీ పెట్టి చూశాను. నిజమే, రెండు గిన్నెలు.

ఆ సినిమా మీద నేను రాసిన పొడుగాటి పోస్టు కింద "ఎంత బాగా చూశారండీ" అన్నవాళ్లందరూ దయచేసి లైకులు వెనక్కి తీసుకోండి. అవి మెట్టుగూడలో ఇచ్చి రండి.