ఇద్దరి చేతి నీళ్ళు

మిషనక్క నోరూ కత్తెరే అనేవాళ్ళు వీధిలో. పొడవు తగ్గించాలన్నా, నడుము వదులు చేయాలన్నా అందరికీ ఆమే దిక్కు. అలాగని బట్ట ఇచ్చి రసీదు అడిగారో, "నమ్మకం లేకపోతే పట్టుకెళ్ళండి" అని మొహం మీదే అనేసేది. అలాంటి మనిషి ఆ ఏడాది టమాటా నారు దగ్గర పిల్లిలా అయిపోయింది.

ఎందుకంటే అవి వాళ్ళమ్మ విత్తనాలు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ముందుగది కిటికీలో కుండీలు పెట్టి టమాటాలు కాయించింది. చివరి కాపులో పండిన కాయల గింజలు కడిగి, కాగితం మీద ఆరబెట్టి, పొట్లం కట్టి పోయింది. ఓ నాలుగు గింజలు దాచుకుందామన్న ఇంగితమైనా లేకుండా మిషనక్క పొట్లం మొత్తం ఒకే ట్రేలో చల్లేసింది. ఇవి పోతే ఇక అమ్మ మొక్కన్నది ఎక్కడా ఉండదు.

ఆ ఇంట్లో ఇంకో మనిషుంది, చెల్లెలు. ఆసుపత్రి బట్టలుతికే చోట పని, తెల్లారేసరికే బయల్దేరాలి. అమ్మ పోయిన దగ్గర్నుంచీ అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. అమ్మ గుండె బలహీనమైంది, కొలిచిన నీళ్ళకు మించి పట్టొద్దు, ఒంట్లో నీరు చేరుతుంది అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఓ మధ్యాహ్నం అమ్మ దాహం దాహమని ఏడుస్తుంటే పని నుంచి వచ్చిన చెల్లెలు చాటుగా నీళ్ళు పట్టడం అక్క కంటపడింది. ఆ వారంలోనే అమ్మ ఊపిరాడక పోయింది. ఇంకేముంది, అక్క తీర్పు చెప్పేసింది. విత్తనాలు చల్లిన రోజు కూడా గోడకు చెప్పినట్టు, "ఈ ట్రే మీద ఎవరి చెయ్యీ పడకూడదు" అంది.

మొలకలు బాగానే వచ్చాయి. ఆ తర్వాతే తిప్పలు. కాడలు దారాల్లా సాగి పక్కకు వాలాయి. వెలుతురు చాలడం లేదేమోనని మిషను పక్కకు నెట్టి మరీ ట్రేను కిటికీ అంచుకు జరిపింది, కుట్టుపని లైటు తీసి దాని నెత్తిన వేలాడదీసింది. కాడలు కాస్త నిలదొక్కుకున్నాయి గానీ ఆకులు పసుపెక్కాయి. నర్సరీవాడు ఎరువు పొట్లం అంటగట్టాడు. అది వేశాక ఇంకా పాలిపోయాయి. చివరికి ఒక్కో మొక్కా మట్టి దగ్గర నల్లబడి, మెత్తబడి, నడుం విరిగినట్టు పడిపోసాగింది. మిషనక్కకు తిండి సహించలేదు. చెల్లెలి చేతులకు ఎప్పుడూ ఉండే బ్లీచింగు వాసన గుర్తొచ్చింది. మాయదారిది, ఏదో పోస్తోంది అనుకుంది. అనుకోవడమేమిటి, నమ్మేసింది.

ట్రే పట్టుకుని నర్సరీకే వెళ్ళింది. వాడు మట్టిలో వేలు గుచ్చి చూశాడు.

"ఏంటక్కా, మొక్కలు పెంచుతున్నావా, చేపలా?"

"నీ వెటకారం తగలెయ్య! రోజు విడిచి రోజు కాస్త పోస్తున్నా, అంతే."

"ఈ తడి చూస్తే అలా లేదే! కాడ కుళ్ళిపోతోంది. వేళ్ళకి గాలాడాలి కదా. అడుగున చిల్లులు పెట్టు, మట్టి పైన ఆరాకే పొయ్యి."

"ఎరువు అమ్మినప్పుడు నోరు పడిపోయిందా?"

"అప్పుడు నువ్వు మొక్క తేలేదుగా."

మర్నాడు వేకువనే లేచి తలుపు వెనక కాపు కాసింది. చెల్లెలు చెప్పులు చేత్తో పట్టుకుని అడుగుల చప్పుడు కాకుండా వచ్చింది. అమ్మ మందులు తాగిన చిన్న గ్లాసుతో ట్రే అంతా తడపసాగింది.

"దొరికావే!"

చెల్లెలు ఉలిక్కిపడింది. "పనిలో పడితే నీ తిండే నీకు గుర్తుండదు కదక్కా. పాపం, ఎండిపోతాయేమోనని..."

అక్కా అన్న పిలుపు విని ఎన్నాళ్ళయిందో! అక్కడ ఆగినా సరిపోయేది. కత్తెర ఆగుతుందా?

"అమ్మని చంపింది చాల్లేదా? మొక్కల్ని కూడా ముంచేస్తావా?"

చెల్లెలు గ్లాసు కిటికీలో పెట్టేసింది. "అమ్మ అడిగింది, పట్టాను. నువ్వైతే పట్టకుండా ఉండేదానివా?"

జవాబు మిషనక్కకు తెలుసు. చెల్లెలు చాటుగా అమ్మకు నీళ్ళు పట్టిన ఆ రోజే పొద్దున, ఆమె పనికెళ్ళాక, అదే ఏడుపు వినలేక అదే గ్లాసుతో తనూ పట్టింది. అంతకుముందూ పట్టింది. చెల్లెలి చేతిలో గ్లాసు చూసినప్పుడు ఆమె గుండె గుభేలుమన్నది కోపంతో కాదు, ఇద్దరి నీళ్ళూ కలిశాయే అన్న భయంతో. ఆ భయాన్నే నిందగా కుట్టి చెల్లెలికి తొడిగింది. నేనూ పట్టానే తల్లీ అన్న మాట ఇప్పుడు గొంతుదాకా వచ్చింది.

"నాతో నీకు పోలికేంటే?" అంది.

ఆ ఆదివారమే చెల్లెలు బట్టలు సర్దుకుని, తనతో పనిచేసే ఆమె గదికి మారిపోయింది. మిషనక్క మిషను మీంచి లేవలేదు.

ట్రేలో బతికింది ఒక్క మొక్క. చిల్లులున్న కుండీలోకి మార్చితే లావుపాటి కాడతో, ముదురాకుపచ్చ ఆకులతో నిటారుగా ఎదిగింది. ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చిన నర్సరీవాడు దాన్ని చూసి మురిసిపోయాడు.

"చూశావా అక్కా, నీళ్ళు తగ్గించేసరికి ఎలా లేచిందో!"

"నీళ్ళు కాదులే, పోసేవాళ్ళు తగ్గారు" అని మిషనక్క టేపు తీసి అతని నడుము కొలిచింది. కళ్ళు మసకై అంకె కనబడక, మళ్ళీ కొలిచింది.