ఇరవై నాలుగు ఎడమ చేతులు

నాలుగు నెలలుగా మాస్టరమ్మ తన బట్టల పక్క కుట్లు తానే విప్పి వదులు చేసుకుంటూ వచ్చింది. నడుము పెరిగితే కుట్టు వదలాలి. కోట్లు కుట్టే దుకాణంలో ముప్పై ఏళ్లు కత్తెర పట్టిన మనిషికి తెలిసిన వైద్యం అదొక్కటే. చేతులు పుల్లల్లా అవుతుంటే పొట్ట ఒక్కటే ఎందుకు పెరుగుతోందని, ఎవరి కొలతైనా కంటితోనే చెప్పేసే ఆమెకు తట్టనే లేదు.

ఒక ఉదయం గుడ్డ మీద సుద్దతో గీస్తుండగా వాంతి వచ్చింది. నెత్తురు. పడిపోయే ముందు ఆమె చేసిన పని, గుడ్డను పక్కకు లాగడం.

ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం దింపి, ఉబ్బి చిట్లిన రక్తనాళాలకు రబ్బరు రింగులు బిగించారు. లివరు గట్టిపడిందని, పేగుల నుంచి దానిలోకి వెళ్లాల్సిన రక్తానికి దారి ఇరుకైందని, ఆ ఒత్తిడికి రక్తం అన్నవాహికలోని పలుచని నాళాల్లోకి మళ్లిందని, పొట్టలో చేరింది నీరని డాక్టరమ్మ చెప్పింది.

“మందు అలవాటుందా?”

“పొద్దుట్నుంచి మూడోసారండీ ఈ ప్రశ్న. సుగరుంది, ఒళ్లుంది, నోటిదురుసుంది. తాగుడొక్కటే లేదు. పెద్దక్షరాలతో రాసుకోండి.”

“నాకూ ఓ కాపీ ఇప్పించండి, మా వీధి మొదట్లో అంటిస్తా,” అన్నాడు బస్సు డ్రైవరైన మొగుడు.

సుగరుతో పాటు లివరులో ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వే ఇంత పనీ చేసిందని తర్వాత తేలింది.

నెల తిరక్కుండా పనిలోకి వచ్చింది. ఉప్పు తగ్గించింది, నీరు తీసే మాత్రలు వేసుకుంది. రోజుకు రెండుమూడుసార్లు విరేచనం కావాలని ఇచ్చిన తియ్యటి సిరప్‌ను మాత్రం, దుకాణంలో ఉన్న ఒక్క మరుగుదొడ్డికి ఎవరు పరుగెత్తుతారని పక్కన పెట్టింది. మూడో రోజు, గుడ్డను ఎదురెదురుగా మడవడం మరిచి ఒకే వైపుగా పరిచి, పన్నెండు కోట్లకు చేతులు కత్తిరించింది. ఇరవై నాలుగూ ఎడమ చేతులే.

లివరు వడకట్టలేని విషం, ఆ సిరప్‌తో బయటికి పోకుండా మెదడుకెక్కితే ఇలాగే అవుతుందట. మళ్లీ వారం ఆసుపత్రి.

తిరిగొచ్చేసరికి యజమాని గుండీల డబ్బా ముందు పెట్టాడు. “అక్కా, ఇక కూర్చుని గుండీలు కుట్టు. కత్తెరకి వేరే మనిషిని చూశా.”

“నీకు టేపు పట్టుకోవడం నేర్పిందెవర్రా?”

“నువ్వే. ఆ ఇరవై నాలుగూ కత్తిరించిందీ నువ్వే.”

ఆమె గుండీల డబ్బాను పక్కకు నెట్టింది.

“సరే, రోజూ పొద్దున్నే అందరి ముందూ పరీక్ష. చంక వంపు ఒక్క గీతలో గీస్తా. తర్వాత, మెదడుకి విషం ఎక్కిందేమోనని డాక్టరమ్మ చూసినట్టే చేతులు చాపి, మణికట్లు పైకెత్తి నిలబెడతా. గీత వంకరపోయినా, చెయ్యి వాలినా కత్తెర ముట్టను. రెండూ నిలిస్తే నువ్వు నోరెత్తకు. సిరప్ తాగుతా. మరుగుదొడ్డికి మొదటి హక్కు నాది.”

“మరి మా గతేంటమ్మా?” అన్నాడు కాజాలు కుట్టే పెద్దాయన.

“బిగబట్టండి బాబాయ్.”

రోజూ తొమ్మిదింటికి మిషన్లు ఆగేవి. ట్రాఫిక్ ఆపుతున్నట్టు ఆమె రెండు అరచేతులూ ముందుకు చాపి నిలబడేది. పది రోజులు గెలిచింది. పదకొండో రోజు గీత చక్కగానే వచ్చింది. చాపిన కుడి మణికట్టు మాత్రం ఒక్కసారి వాలి లేచింది. యజమాని ఫోనులో ఉన్నాడు. చూసింది పెద్దాయన ఒక్కడే. చటుక్కున సూదిలోకి దారం ఎక్కించడంలో మునిగిపోయాడు.

“బాబాయ్, చూశారా?”

“ఏం చూడాలి? బానే ఉందిగా.”

“జాలి పడ్డారంటే ఆ కళ్లద్దాలు విరగ్గొడతా. వాలింది. గట్టిగా చెప్పండి.”

“వాలింది,” అన్నాడాయన నేల చూపులతో.

మాస్టరమ్మ కత్తెరను సొరుగులో పెట్టి తాళం వేసింది. మొగుడికి ఫోను చేసి, బండి తెమ్మంది, ఆసుపత్రికి వెళ్లాలంది. తాళంచెవి కోసం యజమాని చేయి చాచాడు.

“నీ కొత్త మనిషి తన కత్తెర తానే తెచ్చుకుంటాడు,” అంటూ ఆమె తాళంచెవిని తన సంచిలో వేసుకుంది. “పరీక్ష తప్పానంతే. పని మానలేదు.”